దూరపు గెలాక్సీ అనుకున్నాం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను టెలిస్కోపుకు కన్ను ఆనించి చూసింది లేదు. ఈ మాట చెబితే కామారెడ్డిలో మా వీధివాళ్లు నమ్మరు. "మరి గన్నేండ్లు ఏం జూసినవ్ గంగామణీ?" అని ఎదురింటి లచ్చవ్వ ఒకసారి సూటిగానే అడిగింది.

నేను చూసింది అంకెలు. మహారాష్ట్రలో పొలాల మధ్య పెద్ద పెద్ద గిన్నెల్లాంటి యాంటెనాలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను అవి పట్టుకుంటాయి. కంప్యూటర్లు వాటన్నిటినీ కలిపి అంకెలుగా మారుస్తాయి. ఆ అంకెల్లో చెడ్డవాటిని ఏరి పారేసి, మిగిలినవాటితో ఆకాశానికి ఒక మ్యాప్ తయారు చేయడం, ఆ మ్యాప్‌లో చాలా దూరంలో ఉన్న రేడియో గెలాక్సీల కోసం వెతకడం నా పని. రిటైరయ్యే దాకా అదే చేశాను.

ఈ మధ్య గాంధారి వైపు నుంచీ పిట్లం వైపు నుంచీ డిగ్రీ పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంటికి వస్తున్నారు. "మేడం, ఈ నౌకరిల అసలేముంటది?" అని అడుగుతారు. వాళ్లకు నోటితో చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఇందులో ఉండదు. వాటి నుంచి నేను నేర్చుకున్నది పెద్దగా లేదు.

వాలు

ముందు కొంచెం శాస్త్రం చెప్పుకుందాం, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

చాలా పెద్ద గెలాక్సీల నడుమ ఒక భారీ కృష్ణబిలం ఉంటుంది. చుట్టుపక్కల వాయువు అందులో పడుతున్నప్పుడు కొన్నిసార్లు రెండు వైపులా సన్నటి ధారలు చిమ్ముకుంటూ బయటికి వస్తాయి. అవి గెలాక్సీని దాటి వెళ్లి అటొకటి ఇటొకటి రెండు మేఘాలుగా పరుచుకుంటాయి. ఆ మేఘాలు రేడియోలో వెలుగుతాయి. అలాంటివాటినే రేడియో గెలాక్సీలంటారు. అవి ఎంత గట్టిగా వెలుగుతాయంటే, విశ్వం పసితనంలో ఉన్నప్పుడు బయలుదేరిన తరంగాలు కూడా ఇవాళ మన యాంటెనాలకు అందుతాయి. అంత దూరాన ఉన్నదాన్ని చూడటమంటే అంత పాత కాలాన్ని చూడటమే. గెలాక్సీలు ఎలా పుట్టాయి, ఎలా పెరిగాయి, కొత్త నక్షత్రాలను తయారు చేయడం ఎప్పుడు ఆపేశాయి అనే ప్రశ్నలకు ఇవి సాక్షులు.

దూరపువాటిని కనిపెట్టడానికి మాకొక గుర్తు ఉంది. వాటి వెలుగు తక్కువ ఫ్రీక్వెన్సీలో గట్టిగా ఉండి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గబగబా పడిపోతుంది. గ్రాఫు గీస్తే ఏటవాలుగా దిగుతుంది. మేము దాన్ని వాలు అనేవాళ్లం. వాలు ఎక్కువ ఉండి, మామూలు టెలిస్కోపులతో తీసిన ఫొటోలో ఆ చోట ఏమీ కనిపించకపోతే, అది చాలా దూరంలో ఉండొచ్చని అనుకుంటాం. ఉండొచ్చు, అంతే. వాలు ఎక్కువ కావడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని దగ్గరికి వస్తాను.

స్టార్టర్ డబ్బా

చేరిన కొత్తలో మా పెద్దసారు కాళే గారు. పొట్టి మనిషి, మెల్లగా నడిచేవారు. ఒకరోజు నేను ఆయన గదిలోకి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లి, ఆకాశంలో రేడియో తరంగాలు వెదజల్లే కొత్త మూలం ఒకటి దొరికింది సార్ అన్నాను. పొద్దున ఉన్నట్టుండి మెరుస్తుంది, గంటసేపటికి ఆగిపోతుంది. పది రోజుల డేటాలోనూ ఉంది.

ఆయన కాగితాలు చూసి, "రోజూ ఎనిమిదింటికేనా?" అన్నారు.

"అవును సార్, సరిగ్గా."

"ఆకాశంలో ఉన్నది రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది గంగామణీ. పది రోజుల్లో నలభై నిమిషాలు జరగాలి. నీది ఎందుకు జరగలేదు?"

ఎనిమిదింటికి ఆ ఊళ్లలో పొలం మోటర్లకు త్రీ ఫేజ్ కరెంటు వస్తుందని నాకు తెలుసు. ఆ విషయం తలకు ఎక్కేసరికి ముఖం మాడిపోయింది.

ఆయన తిట్టలేదు. చేతిలో పట్టుకునే చిన్న యాంటెనా ఒకటిచ్చి, జీపు పురమాయించి, "అదెక్కడుందో చూసి రా" అన్నారు. మూడు రోజులు పొలం గట్ల మీద తిరిగాను. మహారాష్ట్ర సరిహద్దున మద్నూరులో మా చిన్నమ్మ ఇంట్లో నేర్చుకున్న మరాఠీ అక్కడ అక్కరకొచ్చింది. చివరికి ఒక బావి దగ్గర దొరికింది. మోటరు స్టార్టర్ డబ్బాలో కాంటాక్టు అరిగిపోయి, లోపల నిప్పురవ్వలు పడుతున్నాయి. ఆ మోటరు గల ముసలామె నన్నూ యాంటెనానూ మార్చి మార్చి చూసి, తన మోటరు వల్ల మా ఆకాశానికి ఏం నష్టమో చెప్పమంది. చెప్పాను. ఆమె మజ్జిగ ఇచ్చి, మర్నాడే కాంటాక్టు మార్పించింది.

తిరిగొచ్చాక కాళే సార్ అన్నారు: "తప్పు చేశావని తిప్పలేదు. తప్పు ఉన్న చోటికి కాళ్లతో నడిచి వెళ్తే మరిచిపోవు."

మరిచిపోలేదు. అయితే ఆయన గురించి రెండో మాట కూడా రాయాలి. మీటింగులో ఆయన ఒక నిర్ణయానికి వచ్చాక ఎవరైనా చిన్నవాళ్లు సందేహం చెబితే, "అది తర్వాత చూద్దాం" అనేవారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. కసురుకునేవారు కాదు, నవ్వుతూనే అనేవారు. మేమంతా ఆయన్ను ప్రేమించాం, కాబట్టి ఊరుకున్నాం. ఆయన నుంచి మంచి నేర్చుకున్నానని నాకు ముందు నుంచీ తెలుసు. ఇది కూడా నేర్చుకున్నానని చాలా ఆలస్యంగా తెలిసింది.

పన్నెండో నంబరు

నాకు రిటైర్మెంటు ఇంకో రెండేళ్లు ఉందనగా నస్రీన్ నా దగ్గర పీహెచ్‌డీ చివరి భాగంలో ఉంది. ఎల్లారెడ్డి అమ్మాయి. వాళ్ల నాన్న యూసుఫ్ భాయ్‌కి బజారులో టైలరు దుకాణం. నాదీ పుట్టిల్లు ఎల్లారెడ్డే కావడంతో, ఇద్దరమే ఉన్నప్పుడు మా మాట మన భాషలోకి దిగిపోయేది. నెమ్మదైన పిల్ల. చేసిన పనిని మళ్లీ మళ్లీ చేసి చూసుకునే అలవాటు. సందేహం ఉంటే ఒక్కసారి చెబుతుంది. గొంతు పెంచదు.

ఏటవాలుగా దిగే మూలాలతో మేమిద్దరం ఒక జాబితా చేశాం. అందులో పన్నెండో నంబరు అందరి కన్నూ లాగింది. మ్యాప్‌లో పక్కపక్కనే రెండు చిన్న చుక్కలు. వాలు జాబితాలో అన్నిటికంటే ఎక్కువ. మామూలు ఫొటోలో ఆ రెండింటి నడుమ ఏమీ లేదు, నల్లటి ఖాళీ. దూరపు రేడియో గెలాక్సీ ఎలా ఉండాలని పుస్తకాల్లో రాస్తామో అచ్చం అలాగే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం నస్రీన్ మ్యాప్ పట్టుకొచ్చింది.

"మేడం, ఈ చుక్కల పక్కపొంటి కొంచెం పొగ లెక్క కనపడ్తుంది."

చూశాను. నిజమే, మసగ్గా ఏదో ఉంది. "అది మ్యాప్ సాఫ్ గాక మిగిలిన చెత్త. గసొంటివి రోజు చూస్తనే ఉంటం" అన్నాను.

"మూడు సార్లు చేసిన మేడం. మూడు సార్లు గక్కడనే వచ్చింది."

"ఒకటే తీరుగ చేస్తే ఒకటే తప్పు వస్తది బిడ్డా. ఇప్పుడు దాన్ని పక్కకు పెట్టు. తర్వాత చూద్దాం."

ఆమె సరేనని తలూపి వెళ్లింది. నా నోట కాళే సార్ మాట వచ్చిందని ఆ రోజు గమనించనే లేదు.

తర్వాత విదేశంలో ఉన్న ఒక పెద్ద టెలిస్కోపుతో ఆ ఖాళీ చోటును చూడటానికి సమయం అడిగాం. దొరికింది. అక్కడివాళ్లు చూసి పంపిన డేటాలో ఏమీ లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు దయచేసి ఇక్కడ ఆగి చదవండి. ఏమీ కనిపించకపోతే రెండు అర్థాలుంటాయి. అది మన టెలిస్కోపుకు కూడా అందనంత దూరంలో ఉండొచ్చు. లేదా అక్కడ నిజంగానే ఏమీ లేకపోవచ్చు. నాకు మొదటిదే తట్టింది. ఏదైనా కనిపించి ఉంటే అది దూరమో దగ్గరో తేలిపోయేది. కనిపించకపోవడంతో నా ఆశకు అడ్డు లేకుండా పోయింది. ఖాళీనే రుజువుగా తీసుకున్నాను.

పరిశోధన పత్రం రాశాం. దూరం కచ్చితంగా తేలలేదని ఒక వాక్యం రాశాను గానీ, పత్రం పేరులో మాత్రం అత్యంత దూరపు రేడియో గెలాక్సీ కావచ్చు అన్న ధోరణే పెట్టాను. పత్రిక అచ్చుకు ఒప్పుకుంది. ఆ పత్రం చూసే ఒక విదేశీ సంస్థ నస్రీన్‌కు పీహెచ్‌డీ తర్వాతి ఉద్యోగం ఇస్తామంది. ఎల్లారెడ్డిలో యూసుఫ్ భాయ్ బజారంతా మిఠాయి పంచాడట. నేను కూడా లోపల్లోపల సంతోషపడ్డాను. ముప్పై ఏళ్ల పని ఇలా ముగిస్తే బాగుంటుందనిపించింది. ఆ కోరిక తప్పు కాదు. దాన్ని కోరికగా గుర్తుపట్టకపోవడమే తప్పు.

ఎల్లారెడ్డి బస్సు దిగి వచ్చింది

అంతలో కరోనా వచ్చింది. నేను కామారెడ్డిలో మా ఆయన దగ్గరికి చేరుకున్నాను. మా ఆయన యాదగిరి ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి అప్పటికే రిటైరయ్యాడు. ఇన్నేళ్లూ ఆయన ఇక్కడ, నేను అక్కడ. పెళ్లయ్యాక అన్ని నెలలు ఒకే ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. నస్రీన్ ఎల్లారెడ్డిలో చిక్కుకుంది. డేటా అంతా దూరాన కంప్యూటర్లలో ఉంది కాబట్టి పని ఆగలేదు. వాళ్లింట్లో నెట్ సరిగా అందక, డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చొని పని చేసుకునేది.

బస్సులు మళ్లీ తిరగడం మొదలైన వారానికి, ఫోనైనా చేయకుండా ఆమె మా ఇంటికొచ్చింది. మాస్కు, భుజానికి లాప్‌టాప్ సంచి. మా ఆయన చాయ్ చేసిచ్చాడు. వాళ్ల అమ్మీ ఆరోగ్యం గురించి చెప్పింది. అబ్బా దుకాణంలో చొక్కాలు మానేసి మాస్కులు కుడుతున్నాడని చెప్పింది. వర్షాల గురించి చెప్పింది. నేనూ ఏవేవో మాట్లాడుతూ ఉన్నాను. గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్తే మా ఆయన మెల్లగా అన్నాడు:

"గా పిల్ల ఏదో చెప్పనీకి వచ్చింది. నువ్వు అడుగుతలేవు."

తిరిగి వచ్చి కూర్చొని, "ఏంది నస్రీన్?" అన్నాను.

లాప్‌టాప్ తెరిచింది. వేరే బృందం ఎప్పుడో వేరే పని కోసం, మాకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలో తీసిన డేటా అది. పన్నెండో నంబరు దాని అంచున పడింది. ఆ డేటాను ఆమె ఎవరూ అడక్కుండానే మొదటి నుంచి శుభ్రం చేసి మ్యాప్ చేసింది. మా మ్యాప్‌లో పొగలా ఉన్నది ఇందులో దట్టమైన మేఘం. మా రెండు చుక్కలూ ఆ మేఘంలో ఇంకా చల్లారని రెండు ముక్కలు, అంతే. మేఘం అక్కడితో ఆగలేదు. పక్కనున్న ఒక పెద్ద గెలాక్సీ దాకా వెళ్లి, దాన్ని దాటి అవతల ఇంకో మేఘంగా పరుచుకుంది. ఆ గెలాక్సీ ప్రతి ఫొటోలోనూ ఉంది. దగ్గరిదే కాబట్టి, సంబంధం లేదని మేమే వదిలేశాం.

మేము ఖాళీ చోటును చూడమని పెద్ద టెలిస్కోపును బతిమాలుకున్నాం. ఆ మేఘాల ఇల్లు పక్కనే ఉంది.

"ఇది ఎప్పుడు చూసినవ్?"

"రంజాన్‌కు ముందు మేడం."

అంటే నెలకు పైనే. "గన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

ఆమె తెర వైపే చూస్తూ అంది. "చెప్పిన మేడం. మొదటిసారి చెప్పిన. రెండోసారి చెప్పనీకి ధైర్యం కాలే."

నాకు కోపం రాలేదు. సిగ్గు వచ్చింది. అయినా అప్పటికప్పుడు ఆమెకు ఏ మంచి మాటా చెప్పలేదు. లాప్‌టాప్ నా వైపు తిప్పుకొని సాయంత్రం దాకా ఆమె పనిలో తప్పు వెతికాను. ఒక్కటన్నా దొరకాలని వెతికాను. దొరకలేదు. ఆమె పక్కనే కూర్చొని, నేను అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పింది.

మా ఆయన అంతా వింటూనే ఉన్నాడు. చివరికి అడిగాడు. "అయితే గది సచ్చిపోయిన గెలాక్సీనా?"

"గెలాక్సీ మంచిగనే ఉన్నది. దాని నడుమ కృష్ణబిలం ఉంటది గద, అది మింగుడు ఆపింది. ధారలు బందయినయి. ముందటి మేఘాలు మాత్రం ఇంక చల్లారుతున్నయి."

"ఇంజన్ బందు చేసినంక బానెట్ గరం ఉన్నట్టు."

"గట్లనే. చల్లారేటప్పుడు పై ఫ్రీక్వెన్సీ వెలుగు ముందు పోతది. కింది ఫ్రీక్వెన్సీది ఆఖర్కు పోతది. అందుకే వాలు ఎక్కువ కనపడ్డది. నేను దాన్ని చూసి దూరమున్నదన్న. అది దూరం కాదు, ముసలిది."

ఇదే నేను పైన చెప్పిన రెండో కారణం. మా రంగంలో అందరికీ తెలిసిందే. క్లాసులో ఏటేటా నేనే పాఠం చెప్పాను.

"మరి మీ కాగితం అచ్చయితుందా?" అన్నాడు మా ఆయన.

నస్రీన్ లాప్‌టాప్ మూసింది.

కాగితం వెనక్కి

మర్నాడే ఉత్తరం రాసేశానని చెబితే అబద్ధం అవుతుంది. మూడు రోజులు నలిగాను. పత్రంలో మాతోపాటు పేరున్న ఒకాయన ఫోనులో తేలికైన దారి చెప్పాడు. "ఇంకో వివరణ కూడా సాధ్యమే అని చివర్లో ఒక వాక్యం చేర్చండి. అబద్ధం కాదు కదా." నిజమే, అబద్ధం కాదు. ఒక రోజంతా ఆ వాక్యాన్ని నాలుగు రకాలుగా రాసి చూశాను. నాలుగింటిలోనూ నేను దాక్కోవడం కనిపించింది. నాలుగో రోజు పత్రికకు రాసి, పత్రాన్ని వెనక్కి తీసుకున్నాను. కారణం కూడా రాశాను. నస్రీన్ తనకు ఉద్యోగం ఇస్తామన్నవాళ్లకు తానే రాస్తానంది. రాసింది. వాళ్లు మర్యాదగా, ఆ పని దూరపు గెలాక్సీల మీద కాబట్టి ఇప్పటికి ఆపుతున్నామని జవాబిచ్చారు.

రెండు రోజులకు యూసుఫ్ భాయ్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ సలాముతో మొదలుపెట్టే మనిషి, ఆ రోజు నేరుగా విషయానికి వచ్చాడు.

"మేడం, మా బిడ్డ నౌకరి పోయిందంట. గా కాగితం గట్లనే ఉంచితే ఎవరికి ఎరుకయితది?"

"ఇవాళ కాకుంటే రెండేండ్లకు ఇంకొకరు చూస్తరు భాయ్. గప్పుడు తప్పు కాగితం మీద నస్రీన్ పేరు ముందు ఉంటది. నేను రిటైరయి ఇంట్ల కూసుంట. ఆమె జవాబు చెప్పుకోవాలె."

అటువైపు వెనకాల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది, ఇంకెవరో కుడుతున్నట్టున్నారు.

"మీరు గింత చదువుకున్నోళ్లు, ముందుగాల ఎట్ల చూడలే మేడం?"

"ఆమె చూసింది. నేను వినలే."

"నాకు బట్ట ఎరుక, ఆకాశం ఎరుక లేదు" అన్నాడు. "మీరు జెప్పినట్టే కానీయుండ్రి." ఫోను పెట్టేశాడు. ఆ గొంతులో క్షమించిన జాడ ఏమీ లేదు, నేను ఆశించనూ లేదు.

ఆ ఏడాది నస్రీన్‌కు కష్టంగానే గడిచింది. ఎల్లారెడ్డిలో ఇంటర్ పిల్లలకు ఫోను మీదే ఫిజిక్స్ పాఠాలు చెప్పింది. బంధువులు ఫారిన్ సంగతి అడిగినప్పుడల్లా వాళ్ల అమ్మీ మాట మార్చేదట. మిగిలిన సమయంలో నస్రీన్ మా జాబితా మొత్తం మొదటి నుంచీ మళ్లీ చేసింది. ఈసారి ప్రతి మూలానికీ తక్కువ ఫ్రీక్వెన్సీ డేటా వెతికి, చుట్టూ పాత మేఘం ఉందా లేదా చూసింది. నేను ఆమె చెప్పినట్టు చేశాను. జాబితాలో సగానికి సగం ముసలివని తేలింది.

ఆ ముసలివి వ్యర్థం కాదని మెల్లగా అర్థమైంది. కృష్ణబిలం ధారలు చిమ్ముతున్నప్పుడు గెలాక్సీ చుట్టూ ఉన్న వాయువు వేడెక్కుతుంది. వేడి వాయువు కుదించుకుపోదు కాబట్టి కొత్త నక్షత్రాలు పుట్టవు. ధారలు ఆగితే వాయువు చల్లబడుతుంది, కొంత లోపలికి జారుతుంది, కృష్ణబిలం మళ్లీ రాజుకోవచ్చు. పెద్ద గెలాక్సీలు ఎందుకు అంతకంటే పెద్దవి కాలేదు అనే ప్రశ్నకు జవాబు ఈ రాజుకోవడం, ఆగడం మధ్య ఉంది. పన్నెండో నంబరు ఆ ఆగిన సమయాన్ని చూపిస్తోంది. దాని మీద రాసిన కొత్త పత్రం చిన్నది, గొప్ప పేరేమీ రాలేదు. నా పేరున్నవాటిలో నాకు నచ్చిన పత్రం మాత్రం అదే.

దూరపుది కూడా ఒకటి దొరికింది, చాలా మామూలుగా కనిపించి జాబితా అడుగున పడి ఉన్నది. దాని చుట్టూ పాత మేఘం లేదు. ఈసారి పెద్ద టెలిస్కోపులో మసక వెలుగు కనిపించింది. వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే గీతలు ఎంత జరిగాయో బట్టి దూరం లెక్కిస్తాం; ఒక్క గీతతో సరిపెట్టుకోకుండా రెండు గీతలు దొరికాకే దూరం రాశాం. విశ్వం ఇంకా పసిదిగా ఉన్నప్పటి వెలుగు అది. అప్పటికే ఆ గెలాక్సీ బాగా పెద్దది. చుట్టూ విశాలమైన వాయువు, దగ్గర్లో చిన్న గెలాక్సీలు గుమిగూడుతున్న జాడ. అంత తొందరగా అంత పెద్దది ఎలా అయిందో ఇప్పటికీ ఎవరూ పూర్తిగా చెప్పలేరు. ఈ పనిలోకి వచ్చే మీకు ఆ ప్రశ్న అలాగే మిగిలే ఉంది.

ఒక సలహా మాత్రం ఇస్తాను. మీ కింద పనిచేసేవాళ్లు ఒక్కసారే చెబుతారు. రెండోసారి చెప్పరు. వాళ్ల మెత్తదనాన్ని ఒప్పుకోవడంగా తీసుకోకండి. "తర్వాత చూద్దాం" అనే ముందు, ఆ తర్వాత ఏ రోజో గోడ క్యాలెండరు మీద రాయండి. మీ పైవాళ్లు వినకపోతే రాతలో పెట్టండి. నోటి మాట గాలికి పోతుంది.

రెండు గదులు

నస్రీన్ వైవా వచ్చేసరికి నేను రిటైరయ్యాను. అప్పటికీ పరీక్షలు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. ఎల్లారెడ్డి నెట్‌ను నమ్ముకోలేక, మా ఇంటి నుంచే ఇస్తానంది. పొద్దున్నే యూసుఫ్ భాయ్, ఆమె అమ్మీ, ఆమె ముగ్గురూ వచ్చారు. యూసుఫ్ భాయ్ నాకు సలాం చెప్పాడు గానీ, కళ్లు కలపలేదు.

నస్రీన్‌ను ముందు గదిలో కూర్చోబెట్టాం. ఆమె ఎదురుగా, కెమెరాకు కనపడకుండా దివాన్ మీద అమ్మానాన్నలు. గైడుగా నేనూ హాజరు కావాలి. ఒకే గదిలో రెండు లాప్‌టాపులుంటే గొంతు తిరిగి మోగుతుందని నేను పడకగదిలో కూర్చొని తలుపు దగ్గరగా వేసుకున్నాను. మా ఆయన వంటగదిలో కుక్కరు పెట్టకుండా, బయటికి వెళ్లి నిలబడి కూరగాయల ఆటో మైకును సందు మొదట్లోనే ఆపాడు.

నస్రీన్ బాగా చెప్పింది. గంట దాటాక, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, నిదానంగా మాట్లాడే పెద్దాయన, ఒక పేజీ దగ్గర ఆగాడు.

"పన్నెండో మూలాన్ని మొదట దూరపు గెలాక్సీగా పొరబడి, ఆ పత్రం వెనక్కి తీసుకున్నామని రాశారు. ఆ పొరపాటు ఎవరిది?"

గైడు అలాంటప్పుడు మాట్లాడకూడదు. మైకు ఆపి ఉంది. నస్రీన్ "మాదే సార్" అంది.

నా చేయి దానంతటదే మైకు మీదికి పోయింది. "క్షమించండి, మధ్యలో మాట్లాడుతున్నాను. పొరపాటు నాది. ఆ మేఘాన్ని ఆమె మొదటి రోజే చూసి నాకు చెప్పింది. చెత్త అని పక్కన పెట్టించింది నేను. తర్వాత నిరూపించింది ఆమె. థీసిస్‌లో మర్యాద కోసం 'మేము' అని రాసింది."

పరీక్షకుడు కళ్లజోడు తీసి, "నమోదు చేసుకుంటాను" అన్నాడు. తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు.

అరగంట తర్వాత ఫలితం చెప్పారు. నేను ముందు గదిలోకి వచ్చేసరికి నస్రీన్ వాళ్ల అమ్మీ భుజం మీద తల పెట్టి ఉంది. యూసుఫ్ భాయ్ నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుగు, ఉర్దూ తప్ప ఇంకేమీ రాదు. ఇంతసేపూ ఇంగ్లిషులో ఏం జరిగిందో తెలియలేదు. నా గొంతు మాత్రం ఒకసారి తలుపు వెనక నుంచీ, ఒకసారి లాప్‌టాప్ లోంచీ రెండుసార్లు వినపడిందన్నాడు.

"ఏమన్నరు మేడం గప్పుడు?"

"తప్పు నాది అన్న."

ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "గంత మంది పెద్దోళ్ల ముంగట?"

"అవును."

కుర్చీ ఒకటి లాగి నా ముందు పెట్టాడు. "కూసోండి మేడం" అన్నాడు. "పొద్దుగాల నుంచి మీరు గూడ ఏం తినలే."